ఇరవై రెండు నెలల బాబు, ఐదు వారాల వాంతులు: సరిహద్దు ఒడిశాలో ఒక ఏటీఆర్‌టీ (పసిపిల్లల మెదడు క్యాన్సర్) కేసు

గజపతి జిల్లాలో పర్లాకిమిడికి దగ్గరగా, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ఒక ఊరు. మగపిల్లవాడు, వయసు 22 నెలలు, బరువు 10.4 కిలోలు. ఐదు వారాలుగా వాంతులు. విరేచనాలు లేవు, జ్వరం లేదు, కడుపు ఉబ్బరం లేదు. తల్లి చెప్పిన తీరు ఇదీ: "లెగ్గానే కక్కీత్నాడండి. కక్కీసినాక మళ్ళీ ఆటలోకి ఎల్లిపోత్నాడు." ఈ రెండు వాక్యాల్లోనే రోగ నిర్ధారణ సగం ఉంది. రాత్రంతా పడుకుని ఉండటంతో తలలో ఒత్తిడి పెరిగి తెల్లవారేసరికి వాంతి అవుతుంది. లేచి కూర్చున్న కాసేపటికి ఒత్తిడి తగ్గి పిల్లవాడు కుదుటపడతాడు. గ్యాస్ట్రైటిస్ ఇలా గడియారం చూసుకుని రాదు.

(ఒకే తీరులో వచ్చిన కేసులను కలిపి, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి రాసిన కేసు ఇది. మందుల మోతాదులు, పరీక్షల క్రమం మార్చలేదు.)

మొదటి మూడు వారాలూ ఓఆర్‌ఎస్, ఆన్‌డాన్‌సెట్రాన్ సిరప్, ఒకసారి మలేరియా మందు వాడారు. మలేరియా ఎక్కువగా ఉండే ప్రాంతం కాబట్టి పరీక్ష చేయడం సబబే. కిట్ పరీక్షలో నెగెటివ్ వచ్చాక కూడా మందు ఇచ్చి వారం వేచి చూడటంతో కాలం పోయింది. నాలుగో వారంలో మెడ కుడివైపు వాలింది. నస పట్టేసిందని ఊళ్ళో నూనె పెట్టి మెడ తోమారు. తల వెనక భాగంలో కణితి ఉన్న పిల్లల్లో చిన్నమెదడు అడుగుభాగం మెడలోకి జారుతున్నప్పుడు పిల్లవాడు తనకు నొప్పి తక్కువగా ఉండే కోణంలో మెడను పట్టి ఉంచుతాడు. ఆ మెడను బలవంతంగా తిప్పితే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. దెబ్బ తగలకుండా, జ్వరం లేకుండా మెడ వాలిన చిన్నపిల్లలకు తల స్కాన్ తీయకముందు మర్దనా, పట్టీ, ఫిజియోథెరపీ ఏవీ వద్దు.

ఐదో వారంలో పర్లాకిమిడిలో చూసిన పిల్లల డాక్టరు మూడు పనులు చేశారు. టేపుతో తల చుట్టుకొలత తీశారు: 51.5 సెం.మీ. ఆ వయసు మగపిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో సగటు 48 చుట్టుపక్కల ఉంటుంది, 51 దాటితే పై గీతకు ఆవలే. తరవాత బాబును నేల మీద నిలబెట్టి నడిపించారు. 13వ నెలలోనే నడిచినవాడు ఇప్పుడు కాళ్ళు ఎడం పెట్టి గోడ పట్టుకుని నడుస్తున్నాడు, ఎడమవైపు తూలుతున్నాడు. చివరగా గిలక్కాయ చూపించి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో గమనించారు. ఎడమ కన్ను బయటికి తిరగడం లేదు, ఆరో నరం బలహీనపడింది. ఈ మూడింటికీ కలిపి ఐదు నిమిషాలు చాలు. పెద్ద యంత్రమేదీ అక్కర్లేదు. మాడు మెత్తగా ఉబ్బి ఉండాలి కదా అని ఎదురుచూడకూడదు. 18 నెలలు దాటాక మాడు సాధారణంగా మూసుకుపోయి ఉంటుంది.

అదే రోజు తీసిన సీటీలో చిన్నమెదడు ఎడమ పక్కన, మెదడు కాండానికి ఆనుకుని, తెల్లగా కనిపించే గడ్డ ఉంది. జఠరికలు (మెదడు లోపలి గదులు) నీటితో నిండి ఉబ్బాయి. మన వైపు పిల్లల తలలో గడ్డ కనిపించగానే ముందు గుర్తొచ్చేవి క్షయ గడ్డ, టేప్‌వార్మ్ తిత్తి. రెండూ ఇక్కడ నిజంగానే ఉన్నాయి కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. అయితే నాలుగు సెంటీమీటర్లు దాటిన, మధ్యగీతకు పక్కగా ఉన్న, ఒక్కటే గడ్డ మూడేళ్ళలోపు పిల్లల్లో కనిపిస్తే ముందు ఏటీఆర్‌టీ అనుకుని, కాదని తేలాకే మిగతావి ఆలోచించడం మేలు. క్షయ మందులు మొదలుపెట్టి ఆరు వారాల తరవాత మళ్ళీ సీటీ తీద్దామనే దారి ఈ వయసులో ప్రాణాంతకం. ఈ కణితి అంత ఆగదు.

అటిపికల్ టెరటాయిడ్ రాబ్డాయిడ్ ట్యూమర్ అనేది దీని పూర్తి పేరు. 1996లో లూసీ రోర్క్ బృందం 52 మంది పిల్లల కేసులతో దీన్ని ప్రత్యేక వ్యాధిగా నిలబెట్టింది. అంతకుముందు వీటిలో చాలా వాటిని మెడుల్లోబ్లాస్టోమా (పిల్లల చిన్నమెదడులో వచ్చే మరో క్యాన్సర్) అనే లెక్కగట్టేవారు. 22వ క్రోమోజోమ్ మీద ఉన్న స్మార్క్‌బీ1 జన్యువు రెండు ప్రతులూ పనిచేయకపోవడం దీనికి మూలం. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీనే ఐఎన్ఐ1. ఈ కేసు మొత్తం ఆ ప్రోటీన్ చుట్టూనే తిరిగింది.

తరలింపు

విశాఖకు రోడ్డు మార్గంలో దాదాపు నాలుగు గంటలు. బయలుదేరే ముందు వాపు తగ్గించే స్టెరాయిడ్ డెక్సామెథాసోన్ 5 మి.గ్రా. నరంలోకి ఇచ్చి, తరవాత ఆరు గంటలకోసారి 1 మి.గ్రా. రాశారు. తలలో ఒత్తిడి తగ్గించడానికి వాడే మానిటాల్ ఇక్కడ వాడలేదు. ఐదు వారాలుగా వాంతులు చేసుకుని ఎండిపోయిన పిల్లవాడికి మానిటాల్ ఇస్తే మూత్రం పారి బీపీ పడిపోతుంది. బీపీ పడితే మెదడుకు రక్తం తగ్గుతుంది. అందుకని 3 శాతం సెలైన్ 50 మి.లీ. 20 నిమిషాల్లో ఎక్కించారు, కిలోకు 5 మి.లీ. లెక్కన. ఇంకో సీసా అంబులెన్సులో పెట్టి, కంటిపాప ఒకటి పెద్దదైనా, నాడి ఒక్కసారిగా మందగించినా మళ్ళీ ఎక్కించమని చీటీ మీద తెలుగులో రాసి ఇచ్చారు. తల 30 డిగ్రీలు ఎత్తులో, మెడ నిటారుగా. డెక్స్‌ట్రోజ్ మాత్రమే ఉన్న నీళ్ళు ఎక్కించకూడదు, మెదడు వాపు పెరుగుతుంది.

మెనింజైటిస్ ఉందేమోనని నడుము దగ్గర నీరు తీసే ఆలోచన ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి వస్తుంది. వెనక గడ్డ, పైన నీరు ఉండగా కింద నీరు తీస్తే మెదడు కిందికి జారుతుంది. సీటీ చూడకుండా ఆ సూది పెట్టకూడదు. స్కాన్ కోసం పిల్లవాడు కదలకుండా ఉండాలని మత్తుమందు మిడజోలామ్ ఇచ్చి ఊపిరి గొట్టం లేకుండా పడుకోబెట్టడం కూడా అంతే ప్రమాదం. ఊపిరి మందగిస్తే కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, దాంతో రక్తనాళాలు విచ్చుకుని ఒత్తిడి ఇంకా ఎక్కుతుంది. ఎమ్మారై మత్తు డాక్టరు చేతుల్లోనే జరగాలి. సీటీ కొన్ని సెకన్ల పని, తల్లి ఒళ్ళో పాలు తాగి నిద్రపోయిన పిల్లవాడికి మత్తు లేకుండానే తీయవచ్చు.

ఎమ్మారై, వెన్ను చివర

విశాఖలో మరుసటి రోజు తీసిన ఎమ్మారైలో గడ్డ 4.6 × 4.1 × 3.9 సెం.మీ. అంచున చిన్న తిత్తులు, లోపల రక్తస్రావపు మచ్చలు, డిఫ్యూజన్ చిత్రంలో గట్టిగా తెల్లగా ఉంది. కణాలు కిక్కిరిసి ఉన్నాయని దాని అర్థం. మింగడానికి కావలసిన ఎడమవైపు తొమ్మిది, పది నరాలను చుట్టుకుని ఉంది.

వెన్ను స్కాన్ దగ్గర ఆగి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. నడుము నొప్పి రోగులకు వాడే ప్రోటోకాల్‌తో తీస్తే బొమ్మలు ఐదో నడుము పూస దగ్గరో, కాస్త కిందో ఆగిపోతాయి. వెన్నునీటి సంచి నడుము పూసల కింద ఉండే త్రికపూసల్లో రెండోదాని దాకా ఉంటుంది. జారిన కణాలు బరువుకు వెళ్ళి కూర్చునేది ఆ సంచి అడుగునే. ఈ బాబుకు తీసిన మొదటి బొమ్మల్లో వెన్ను శుభ్రం. పిల్లవాడు మత్తులో ఉండగానే రెండో త్రికపూస దాకా కిందికి దించి, కాంట్రాస్ట్‌తో అడ్డకోతలు తీయిస్తే సంచి చివర 5 మి.మీ. గింజ కనిపించింది. స్టేజీ ఎం0 (ఎక్కడికీ పాకలేదు) నుంచి ఎం3కి (వెన్నుకు పాకింది) మారింది. ఆపరేషన్‌కు ముందే ఈ బొమ్మలు తీయాలి. తరవాతైతే కిందికి జారిన రక్తం వెన్ను పొరల మీద మెరుస్తూ వ్యాప్తిలాగే కనిపిస్తుంది.

ఆపరేషన్

ముందుగా బయటి గొట్టంతో తలలోని నీటి ఒత్తిడి తగ్గించారు. బాటిల్‌ను చెవి రంధ్రానికి 15 నుంచి 20 సెం.మీ. ఎత్తులో ఉంచి మెల్లగా వదలాలి. ఒక్కసారిగా వదిలితే కింద ఉన్న గడ్డ పైకి తన్నుకొస్తుంది. శాశ్వత షంట్ (తలలోని నీటిని ఒంట్లోనే వేరేచోటికి మళ్ళించే గొట్టం) తొందరపడి పెట్టలేదు. గడ్డ తీశాక దారి తెరుచుకుంటే చాలామందికి దాని అవసరం ఉండదు. పెట్టిన షంట్ మాత్రం తరవాత కీమోలో ఇన్ఫెక్షన్లకు నిలయమవుతుంది.

10.4 కిలోల పిల్లవాడి ఒంట్లో మొత్తం రక్తం ముప్పావు లీటరు కంటే కాస్త ఎక్కువ. ఈ కణితికి రక్తం పుష్కలంగా పారుతుంది. ఆపరేషన్‌లో 260 మి.లీ. పోయింది, అంటే మూడో వంతు. పెద్దవాళ్ళకైతే అదొక పాకెట్ లోపు నష్టం. పిల్లవాడి విషయంలో రక్తం చేతిలో ఉంచుకుని, రెండు నరాల్లో దారులు పెట్టుకుని, పోతున్న కొద్దీ వెంటవెంటనే ఎక్కించాలి. గడ్డలో ఎక్కువ భాగం వచ్చింది. తొమ్మిది, పది నరాలకు అంటుకున్న 8 మి.మీ. ముక్కను సర్జన్ కావాలనే వదిలేశారు. దాన్ని కూడా లాగితే మింగడం శాశ్వతంగా పోయేది. ఏటీఆర్‌టీలో పూర్తిగా తీయగలిగితే మంచిదే, కానీ మింగలేని పిల్లవాడికి నిమోనియా వచ్చి కీమో ఆగిపోతే ఆ లాభం నిలవదు. ఆ నిర్ణయం సరైనదనే మా అభిప్రాయం.

మిగిలినదెంతో చూసే ఎమ్మారై 48 గంటల్లోపు తీయాలి. ఆ తరవాత కోసిన చోటే కాంట్రాస్ట్ పీల్చుకుని గడ్డలా కనిపిస్తుంది.

అయినా కొన్ని వారాలు మింగడం కష్టమైంది. ముక్కు గొట్టంతో పోషణ. తల్లి చోడి (రాగి) జావ పోయడం మొదలుపెట్టాక రెండుసార్లు గొట్టం పూడిపోయింది. సన్నటి గొట్టంలో చోడి పిండి గోడలకు అంటుతుంది. బాగా పలచన చేసి పల్చటి గుడ్డలో వడకట్టి, పోసిన ప్రతిసారీ వెనకాలే 5 మి.లీ. కాచి చల్లార్చిన నీళ్ళు తోయమని నేర్పాక ఆ ఇబ్బంది తప్పింది. తెల్లకణాలు పడిపోయిన రోజుల్లో పులియబెట్టిన అంబలి మాత్రం ఇవ్వకూడదు.

స్లైడు దగ్గర

గడ్డ ముక్క 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో, ముక్కకు పది రెట్లు ద్రవంలో మునిగి ఉండాలి. పలచన చేయని ఫార్మలిన్‌లో వేసినా, రోజుల తరబడి వదిలేసినా ప్రోటీన్లు బిగుసుకుపోయి రంగు పట్టవు. రెండు మూడు రోజుల్లోపు మైనంలోకి వెళ్ళిపోవాలి.

మామూలు రంగులో కనిపించింది చిన్న నీలి గుండ్రటి కణాల గుంపు. మొదటి చూపు నివేదికలో మెడుల్లోబ్లాస్టోమా కావచ్చు అని వచ్చింది. పుస్తకంలో గీసినట్టుండే రాబ్డాయిడ్ కణం, అంటే కేంద్రకం పక్కకు తోసుకుపోయి, గులాబీ రంగు ముద్దతో కనిపించేది, చాలా కేసుల్లో అరుదు. ఈ స్లైడులోనూ మూలకు కొద్దిగా మాత్రమే ఉంది. అది కనిపించలేదని ఏటీఆర్‌టీని కొట్టిపారేయకూడదు. మూడేళ్ళలోపు పిల్లల్లో ఎక్కడ నీలి కణాల కణితి కనిపించినా ఐఎన్ఐ1 రంగు పరీక్ష తప్పనిసరి.

స్థానికంగా ఆ రంగు లేకపోతే మైనపు దిమ్మను, దానితోపాటు రంగు వేయని పది కోతలను పంపాలి. ఆ కోతలు అతుక్కునే పూత ఉన్న స్లైడుల మీదే తీయాలి. మామూలు గాజు మీద తీస్తే వేడి ద్రావణంలో ముంచినప్పుడు కణజాలం ఊడి తేలిపోతుంది. పంపిన వారం, తిరిగొచ్చిన వారం వృథా.

ఆపరేషన్ అయిన 13వ రోజు ఫలితం వచ్చింది. కణితి కణాల కేంద్రకాలన్నీ రంగు పట్టకుండా పాలిపోయి ఉన్నాయి. వాటి మధ్య దారిలా వెళ్ళే రక్తనాళాల గోడ కణాలు, అక్కడక్కడ ఉన్న లింఫోసైట్లు ముదురు గోధుమ రంగులో నిలిచాయి. చూడాల్సింది ఈ రెండింటినీ కలిపే. రక్తనాళాల కణాలు కూడా పాలిపోయి ఉంటే అది ఏటీఆర్‌టీకి రుజువు కానే కాదు, పరీక్ష చెడిందని అర్థం, మళ్ళీ చేయాలి. ఐఎన్ఐ1 నిలిచే ఉండి అనుమానం బలంగా ఉంటే బీఆర్‌జీ1 రంగు చూడాలి, కొద్దిమందిలో ఆ జన్యువు పోతుంది.

మెడుల్లోబ్లాస్టోమా పేరుతోనే ముందుకెళ్ళి ఉంటే కీమో తీవ్రత తగ్గేది, రేడియేషన్‌ను వయసు పేరుతో ఏడాది పైగా వాయిదా వేసేవారు. ఆ విరామం ఈ కణితికి చాలు, తిరిగి వచ్చేస్తుంది.

పుట్టుకతోనే ఒక ప్రతి చెడి ఉండే పిల్లలు ఏటీఆర్‌టీలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటారు. అందుకే కడుపు అల్ట్రాసౌండ్ తీసి రెండు మూత్రపిండాలనూ చూశాం, అక్కడా ఇదే జాతి కణితి రావచ్చు. రక్తంలో జన్యు పరీక్ష కూడా పంపాం. ఈ బాబుకు పుట్టుకతో లోపం లేదు. ఉన్నట్టు తేలితే తల్లిదండ్రులకూ, తోబుట్టువులకూ పరీక్ష, తరవాతి గర్భానికి సలహా అవసరమయ్యేవి.

వెన్నునీరు 15వ రోజు తీశాం. పది రోజుల లోపు తీస్తే ఆపరేషన్‌లో చిందిన కణాలు కనబడి తప్పుదారి పట్టిస్తాయి. తీసిన నీరు గంటలోపు ల్యాబ్‌కు చేరాలి, ఆలస్యమైతే కణాలు పగిలిపోతాయి. నీటిలో కణాలు లేవు. అయినా స్టేజీ ఎం3 గానే ఉంది, ఎందుకంటే బొమ్మలో గింజ ఉంది. రెండు పరీక్షలూ చేయాలనడానికి కారణం ఇదే.

కీమో

తల్లిదండ్రులతో మాట్లాడినప్పుడు అంకె దాచలేదు. అమెరికా పిల్లల క్యాన్సర్ బృందం జరిపిన ఏసీఎన్ఎస్0333 అధ్యయనం ఫలితాలు 2020లో వచ్చాయి. అంత తీవ్రమైన చికిత్స తీసుకున్నవారిలో నాలుగేళ్ళకు జీవించి ఉన్నవారు 43 శాతం, వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 37 శాతం. వెన్నుకు పాకిన పిల్లవాడికి ఆశ అంతకంటే తక్కువే ఉంటుందని చెప్పాం. నొప్పి లేకుండా చూసుకుంటూ ఇంట్లో ఉంచుకోవడం కూడా తప్పు నిర్ణయం కాదని, ఆ దారిలోనూ మేము తోడుంటామని అదే రోజు చెప్పాం. వారు చికిత్సకే మొగ్గారు. తాతకు, మేనమామకు కూడా కూర్చోబెట్టి వివరించాం. నెలల తరబడి ఊరికి దూరంగా ఉండాల్సిన చికిత్సను ఇంట్లో ఒక్కరు కాదన్నా సగంలో ఆగిపోతుంది.

19వ రోజు మొదటి విడత: మెథోట్రెక్సేట్, విన్‌క్రిస్టిన్, ఎటోపోసైడ్, సైక్లోఫాస్ఫమైడ్, సిస్‌ప్లాటిన్. మూడేళ్ళలోపు మోతాదు ఒంటి వైశాల్యం మీద కాకుండా కిలోల మీద లెక్కించాలి. మెథోట్రెక్సేట్ కిలోకు 400 మి.గ్రా. అప్పటికి బరువు 9.8 కిలోలు, అంటే దాదాపు 3.9 గ్రాములు. సోడియం బైకార్బొనేట్‌తో మూత్రం పీహెచ్ 7 దాటించి, ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు రోజుకు 3 లీటర్ల నీళ్ళు పారించి, 24 గంటల నుంచి దానికి విరుగుడైన ల్యూకోవొరిన్ మొదలుపెట్టి, రోజూ రక్తంలో మందు స్థాయి చూస్తూ 0.1 మైక్రోమోలార్ కంటే తగ్గేదాకా ఆపకూడదు. ఆ స్థాయిని అదే రోజు చెప్పగల ల్యాబ్ లేనిచోట ఈ మోతాదు ఇవ్వకూడదు.

ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు కడుపు మాత్ర. స్టెరాయిడ్‌తోపాటు పాంటాప్రజోల్ అలవాటుగా నడుస్తూ ఉంటుంది. అది మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని అడ్డుకుంటుంది. కోట్రైమాక్సజోల్, ఐబుప్రొఫెన్ కూడా అంతే. మూడింటినీ ముందే ఆపాలి. ఆపరేషన్ చేసిన చోట చర్మం కింద నీరు నిలిచి ఉబ్బి ఉంటే మందు అందులో చేరి రోజుల తరబడి తిరిగి రక్తంలోకి ఊరుతుంది. ఆ ఉబ్బు తగ్గాకే మొదలుపెట్టాం.

విన్‌క్రిస్టిన్ కిలోకు 0.05 మి.గ్రా. దీన్ని ఎప్పుడూ చిన్న సెలైన్ సంచిలో కలిపి ఎక్కించాలి, సిరంజిలో నింపి ఉంచకూడదు. వెన్నులోకి ఇచ్చే మందు సిరంజి పక్కన విన్‌క్రిస్టిన్ సిరంజి ఉంటే తారుమారయ్యే అవకాశం ఉంది. వెన్నులోకి వెళ్ళిన విన్‌క్రిస్టిన్ ప్రాణం తీస్తుంది. ఫంగస్ మందులు వోరికొనజోల్, ఇట్రాకొనజోల్‌తో కలిసినా నరాలు, పేగులు దెబ్బతింటాయి.

మొదటి విడత ముగిసి పడిపోయిన రక్తకణాలు మళ్ళీ లేచే సమయంలో, రక్తాన్ని తయారుచేసే మూలకణాలు సేకరించారు. ఇంత చిన్న పిల్లవాడి రక్తం యంత్రపు గొట్టాలు నిండటానికే సరిపోదు. అందుకని గొట్టాలను ముందు దాత రక్తంతో నింపారు. తరవాత జరగబోయే మూడు మూలకణ మార్పిడులకు ఒక్కోదానికి కిలోకు కనీసం 20 లక్షల సీడీ34 కణాలు (అంటే మూలకణాలు) కావాలి. రెండో విడత తరవాత ఎమ్మారైలో త్రికపూస గింజ లేదు, నరాల దగ్గరి ముక్క సగానికి తగ్గింది.

తరవాత కార్బోప్లాటిన్, థయోటెపాతో మూడుసార్లు అధిక మోతాదు చికిత్స, ప్రతిసారీ దాచిన మూలకణాలు తిరిగి ఎక్కించడం. థయోటెపా చెమటలో బయటికి వస్తుంది. ఆరు గంటలకోసారి స్నానం చేయించి, దుప్పటి మార్చి, చంకలు, తొడల మడతలు ఆరబెట్టాలి. లేకపోతే చర్మం కాలినట్టు నల్లబడి ఊడుతుంది. కొబ్బరి నూనె, పౌడరు, ప్లాస్టర్ పట్టీలు ఆ రోజుల్లో పనికిరావు. నూనె రాస్తే మందు చర్మం మీదే నిలిచిపోతుంది. రాత్రి రెండింటికి పిల్లవాడిని లేపి స్నానం చేయించడం ఎందుకో తల్లికి ముందే చెప్పకపోతే ఆ స్నానం తప్పిపోతుంది.

రేడియేషన్ గడ్డ ఉన్న చోటికే: 28 రోజులు, రోజుకు 1.8 గ్రే, మొత్తం 50.4 గ్రే. వెన్ను మొత్తానికి ఇవ్వలేదు. ఈ వయసులో ఇస్తే ఎదుగుదల, తెలివి బాగా దెబ్బతింటాయి, పైగా వెన్నులోని గింజ కీమోతో పోయింది. రోజూ మత్తు ఇవ్వాలి కాబట్టి పొద్దున మొదటి వంతు అడిగి తీసుకున్నాం. మధ్యాహ్నం వంతు వస్తే పిల్లవాడు రోజూ సగం పూట ఉపవాసం ఉండి బరువు తగ్గుతాడు.

ఖర్చు, కాగితాలు

ఒడిశా కుటుంబానికి ఆంధ్ర ప్రభుత్వ వైద్య సేవ వర్తించదు. ఒడిశాలో 2025 ఏప్రిల్ నుంచి ఆయుష్మాన్ భారత్, గోపబంధు జన ఆరోగ్య యోజన కలిసి నడుస్తున్నాయి. ఆ కార్డు రాష్ట్రం బయట జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఒడియాలో రాసిన జనన ధ్రువపత్రంలో, ఆధార్‌లో, కార్డులో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో సీటీ తీసిన రోజే చూడాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అనుమతి నిలిచిపోవచ్చు. రైల్లో క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీలో ఛార్జీ పూర్తిగా మాఫీ, తోడు వెళ్ళేవారికి 75 శాతం. ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత పత్రం ఉండాలి.

ఊరికి వెళ్ళాక

చికిత్స ముగిసి 14 నెలలు. మూడు నెలలకోసారి తల, వెన్ను ఎమ్మారై తీస్తున్నాం, వ్యాధి కనిపించడం లేదు. ఈ కణితి తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్ళలోనే. కాబట్టి తగ్గిపోయిందనే మాట ఇంకా అనడం లేదు. ముక్కు గొట్టం తీసేశాం. సిస్‌ప్లాటిన్ వల్ల పైస్థాయి శబ్దాలు వినబడటం తగ్గింది, రెండు చెవులకూ యంత్రాలు పెట్టాం. మాటలు నేర్చుకునే వయసు కావడంతో ఆ యంత్రం ఒక్క నెల ఆలస్యమైనా నష్టమే.

చికిత్స నడుస్తున్నప్పుడు ఊరికి వెళ్ళిన ప్రతిసారీ తల్లి చేతికి ఒక చీటీ ఇచ్చాం, ఒక వైపు తెలుగులో, రెండో వైపు ఒడియాలో. 38 డిగ్రీలు దాటిన జ్వరం వస్తే గంటలోపు పిపెరాసిలిన్-టాజోబాక్టమ్ నరంలోకి, అది లేకపోతే సెఫ్ట్రియాక్సోన్ కిలోకు 100 మి.గ్రా. మలేరియా కిట్ పరీక్ష కూడా చేయాలి, కానీ ఫలితం కోసం యాంటీబయాటిక్ ఆపకూడదు. రక్తం ఎక్కిస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే ఎక్కించాలి. ఆసనంలో థర్మామీటర్ పెట్టకూడదు, ఎనిమా వద్దు.

టీకాల సంగతి ఆశా కార్యకర్తకు విడిగా చెప్పాలి. మార్పిడి తరవాత పాత టీకాల రక్షణ నిలవదు. చంపిన క్రిములతో చేసేవి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మొదలుపెట్టి మళ్ళీ మొదటి నుంచి వేయాలి. మీజిల్స్-రుబెల్లా లాంటి బతికున్న టీకాలు రెండేళ్ళ తరవాతే. పల్స్ పోలియో రోజున ఇంటికొచ్చేవారు ఈ బాబుకు చుక్కలు వేయకూడదు, ఇంట్లో ఉన్న చిన్న చెల్లెలికి కూడా వేయకూడదు. చుక్కల్లోని వైరస్ ఆమె మలం ద్వారా వారాల పాటు బయటికి వస్తూ అన్నకు చేరగలదు. ఆమెకు ఇంజెక్షన్ రూపంలోని పోలియో టీకా వేయించి, ఆ సంగతి మమతా కార్డు (ఒడిశాలో తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు) మీద ఎర్ర సిరాతో రాయించాం.